పక్క సీటు

"గేటు దగ్గరే నిలబడుకోనుండాది. లోపలికి రమ్మనవామ్మా?"

అరుణజ్యోతి వంటింటి గడపలో నిలబడి అడిగింది. చౌడేశ్వరి తలెత్తలేదు. రాగి అంబలి చల్లారడానికి గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది.

"ఫోన్ చేసి పిలిపించింది నువ్వు. రమ్మనేది కూడా నువ్వే చెయ్యి."

"తెల్లారకముందే గుంతకల్లులో రైలెక్కిందంట. ధర్మవరంలో దిగి బస్సు పట్టుకోని వచ్చినాది. ఎండలో నిలబెడతామా?"

"నన్ను అడిగి చేసినావా ఫోను?"

"అడిగితే వద్దంటావు."

"వద్దంటానని తెలిసే చేసినావు గదా. ఇంకేం, పో. తోరణం కట్టి పిల్చుకోనిరా."

అరుణజ్యోతి గడప దాటి లోపలికి వచ్చింది. అనంతపురంలో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం ఆ పిల్లకి. తండ్రికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి సెలవు పెట్టి ముదిగుబ్బలోనే ఉంది. తల్లీ కూతుళ్లు ఈ పంతొమ్మిది రోజుల్లో పోట్లాడుకున్నంత, అంతకుముందు పాతికేళ్లలో పోట్లాడుకోలేదు.

"డాక్టర్ ఏం చెప్పినాడో నువ్వూ విన్నావు" అంది చివరికి. "నాయనకు మాటలు పోలేదంట. లోపలే ఉండాయంట. బాగా అలవాటైనవి వినిపిస్తే ఒకటో అరో బయటికి రావచ్చు అన్నాడు. దేవుడి పాటలు పెట్టినాము. ఎక్కాలు చదివినాము. నువ్వు పేరుపేరునా అందర్నీ తల్చుకోని చెప్పినావు. ఏమన్నా పలికినాడా?"

"అందుకని ఆయమ్మను పిలిస్తే పలుకుతాడా?"

"పదకొండేండ్లు నాయన చెవిలో ఆయమ్మ గొంతే గదమ్మా ఉండేది."

గరిటె ఆగింది.

కూతురు నోరు జారినందుకు నాలుక కరుచుకుంది. కానీ అన్నమాట అన్నట్టే గాల్లో నిలబడిపోయింది. చౌడేశ్వరి గిన్నె పట్టుకుని, కూతుర్ని తప్పించుకుంటూ హాల్లోకి వెళ్లిపోయింది.

కిటికీ పక్కన పేముకుర్చీలో జయచంద్ర కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో, ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. ఒకప్పుడు దక్షిణాదిలో ఏ ఊళ్లో కార్ల ర్యాలీ పోటీ జరిగినా ఆ చేతుల గురించి చెప్పుకునేవాళ్లు. ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల నుంచి కదిరి మార్కెట్టుకు శనక్కాయ మూటలు తోలే జీపు డ్రైవరు. ఘాట్ రోడ్డులో అతను బండి తిప్పే తీరు చూసి, వెనకే వస్తున్న బెంగుళూరు గ్యారేజీ యజమాని ఆపి మరీ పేరు అడిగాడు. అక్కణ్ణుంచి మొదలైంది. షోరూంలో అందరూ కొనే కారే. లోపల సీట్లు పీకేసి, ఇనుప గొట్టాలు బిగించి, మట్టిదారుల్లో వదిలేవాళ్లు. ఆ కార్లతోనే గోడ అల్మారా నిండా కప్పులు తెచ్చాడు.

ఆ కార్లలో పక్క సీటు ఒకటి ఉండేది.

గేటు చప్పుడైంది. చెప్పులు విడిచిన చప్పుడు. చౌడేశ్వరి స్పూనుతో అంబలి భర్త నోటికి అందిస్తూ, వెనక్కి తిరగకుండానే ఎవరో తెలుసుకుంది.

"బాగుండావా వదినా?"

"చూస్తాండావు గదా."

ఆ పక్క సీట్లో కూర్చున్నది ఈ సువార్తే. నలభై ఏడేళ్ల మనిషి. నుదుటి మీద జుట్టు నెరిసింది. గుంతకల్లు రైల్వే ఆఫీసులో ఉద్యోగం, రైల్వే క్వార్టర్లో తల్లితో కాపురం. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్న ప్రశ్న ఆ ఊళ్లో ఎవరు అడిగారో లేదో గానీ, ఈ ఇంట్లో చౌడేశ్వరి మాత్రం తనలో తాను ఎన్నోసార్లు వేసుకుంది.

సువార్త కళ్లు అల్మారా పక్కన గోడకు తగిలించిన ఫోటో మీద ఆగాయి. పేపర్లో పడిన ఫోటో. మెడలో దండతో కారు బానెట్ మీద నిలబడ్డ జయచంద్ర. చౌడేశ్వరి దాన్ని ఫ్రేము కట్టించేముందు సగానికి మడిచింది. రెండో సగం అట్టవైపు వెళ్లిపోయింది. కానీ జయచంద్ర భుజం మీద గ్లవ్స్ తొడుక్కున్న చెయ్యి ఒకటి మిగిలిపోయింది. దాన్ని మడవడానికి వీలుపడలేదు.

సువార్త ఆ చేతిని చూసింది. చూసి, సంచీ కింద పెట్టింది.

"ఒక స్టూలు ఇస్తావా జ్యోతీ?"

స్టూలు తెచ్చి అరుణజ్యోతి తండ్రికి ఎదురుగా వేసింది. సువార్త దాన్ని ఎత్తి, అతని ఎడమ పక్కకు జరిపింది. ఇద్దరి ముఖాలూ ఒకే వైపుకి, ఖాళీ గోడ వైపుకి. అతని మొహం వంక ఒక్కసారైనా చూడకుండా కూర్చుని, సంచీలోంచి అంచులు నలిగిన నోటుపుస్తకం తీసింది.

పంతొమ్మిది రోజులుగా చౌడేశ్వరి కూర్చున్నదంతా ఎదురుగానే. కళ్లల్లోకి చూస్తూ, గడ్డం పట్టుకుని తిప్పుకుంటూ. పక్కన కూర్చోవచ్చన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

"జయన్నా, సిద్ధమా?" అంది సువార్త గోడతో చెప్పినట్టు. "ఐదు. నాలుగు. మూడు. రెండు. ఒకటి. పో."

ఆమె గొంతు మారిపోయింది. హెచ్చూ తగ్గూ లేని గొంతు, తాడు మీద ముడులు వేసినట్టు.

"నూరు నేరుగా. కుడి ఐదు. ఎడమ నాలుగు, పొడుగు. గుంత. యాభై. కుడి మూడు."

"ఏం లెక్కలివి?" చౌడేశ్వరి కూతురి చెవిలో గుసగుసగా కసిరింది.

"మలుపులమ్మా. నూరు, యాభై అంటే మీటర్లు. మలుపు ఆరంటే ఇంచుమించు నేరుగా ఉన్నట్టు. ఒకటంటే బాగా తిరిగిపోయే మలుపు. దారి అంతా ముందే రాసుకోని, కారు పోతాంటే ఆయమ్మ చదివేది, నాయన తిప్పేవాడు."

"తెలుగులోనా?"

"వాళ్లిద్దరికీ తెలుగులోనే."

సువార్త చదువుతూనే ఉంది. అక్కడక్కడ అర క్షణం ఆగుతోంది, ఏదో దాటేసినట్టు, మళ్లీ అందుకుంటోంది. జయచంద్ర ఎడమచేతి వేళ్లు కుర్చీ చేతిని పట్టుకున్నాయి. మెల్లగా బిగుసుకున్నాయి. భుజం కొంచెం పక్కకి వాలింది, తర్వాత రెండో పక్కకి. చౌడేశ్వరి చేతిలో అంబలి స్పూను అలాగే ఉండిపోయింది.

"ఎడమ నాలుగు. వంతెన, ఇరుకు. కుడి మూడు..."

"మూ... డు."

బొంగురు గొంతు. బావిలోంచి చేద పైకి లాగినట్టు.

అరుణజ్యోతి రెండు చేతులతో నోరు మూసుకుంది. సువార్త ఆగలేదు, అతని వైపు తిరగలేదు, తన గొంతు ఒణకనివ్వలేదు. "ఎడమ రెండు" అంది.

"రెండు" అన్నాడు జయచంద్ర.

"కుడి ఐదు."

"ఐదు."

కూతురు ఏడుస్తూ వచ్చి తల్లిని కావలించుకుంది. "విన్నావామ్మా? పలికినాడు! నాయన పలికినాడు!"

"విన్నా" అంది చౌడేశ్వరి.

కూతుర్ని విడిపించుకుని పెరట్లోకి నడిచింది. పొద్దున ట్యాంకరు వచ్చి నింపిపోయిన డ్రమ్ములు ఎండలో వేడెక్కుతున్నాయి. ఒక డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడింది.

సంతోషించాలి. దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టాలి. అతని ఒళ్లు కడిగింది, దుప్పట్లు ఉతికింది, నోట్లో పెట్టిన ముద్ద మింగేదాకా గొంతు నిమిరింది. ఒక్క మాట కోసం కాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఆమెకు ఒక్క శబ్దం ఇవ్వని నోరు, వేరే ఆడదాని నోటి నుంచి రాలిన అంకెను ఏరుకుని తిరిగి ఇచ్చింది.

పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన ఆమెతో మాట్లాడిందెంత? పొద్దున బయల్దేరేటప్పుడు "ఇదో", తిరిగొచ్చాక "ఊ". పేరుపెట్టి పిలిచిన రోజు ఆమెకు గుర్తులేదు. పోటీ నుంచి వచ్చినప్పుడు ఏమైందని అడిగితే, "ఏముండాది చెప్పేకి" అనేవాడు. చెప్పాల్సిందంతా కారులోనే చెప్పి వచ్చేవాడు కాబోలు. ఇద్దరికీ అదొక భాష. దానికొక పుస్తకం కూడానా!

లోపలి నుంచి మళ్లీ వినబడింది. సువార్త గొంతు, వెంటనే ఆయన గొంతు. ఆమె గొంతు, ఆయన గొంతు.

చౌడేశ్వరి చెవులు మూసుకోలేదు. ప్రతి మాటా విన్నది.

*

భోజనాలయ్యాక అరుణజ్యోతి మందుల కోసం బజారుకు వెళ్లింది. జయచంద్ర అలసిపోయి కుర్చీలోనే కునుకు తీశాడు. సువార్త వంటింట్లో తను తిన్న తట్ట తానే కడిగి బోర్లించింది.

"రెండూ ముప్పావుకు ధర్మవరం బస్సు ఉండాది" అంది చౌడేశ్వరి.

సువార్త తడిచేతులు పైటకు తుడుచుకుంది. "వారం సెలవు పెట్టి వచ్చినా వదినా. జ్యోతి ఉండమన్నాది."

"జ్యోతి ఇల్లు అనంతపురంలో. ఇది నా ఇల్లు."

"ఇప్పుడే మాట మొదలైంది. ఇంకొక నాలుగు రోజులు చదివితే..."

"నేను చదువుతా. నేనూ పదో తరగతి పాసైనా. అక్షరాలు నాకూ వచ్చు."

సువార్త ఆమె మొహంలోకి సూటిగా చూసింది. "నా మీద కోపం ఇంకా తీరల్లేదా వదినా?"

"నీ మీద కోపమెందుకు? నువ్వెవరు నాకు? అన్నా అని పిలుస్తావు, వదినా అంటావు. పిలిచినంత మాత్రాన అయిపోతారా? ఏ తల్లి కడుపున పుట్టినారు మీరిద్దరూ?"

"అట్లనొద్దు."

"ఎట్లనాలా? కప్పులు తెచ్చినప్పుడల్లా ఊరంతా అడిగేది, ఆ పక్కనుండే ఆమె ఎవరు, నీ చెల్లెలా అని. నేను నవ్వేదాన్ని. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టేవి. ఎప్పుడన్నా నన్ను ఒకసారి ఆ సీట్లో కూర్చోబెట్టుకోని ఈ వీధి చివరిదాకా పోయింటాడా? అడుగు."

సువార్త సంచీ సర్దుకోవడానికి హాల్లోకి నడిచింది. అందులోని నాలుగు నోటుపుస్తకాలు పైకి తీసి, మళ్లీ లోపల పెట్టబోయింది. చౌడేశ్వరి వచ్చి సంచీ మీద చెయ్యి వేసింది.

"అవి ఈడ పెట్టిపో."

పొమ్మన్నప్పుడు మారని సువార్త మొహం ఇప్పుడు మారింది. "పుస్తకాలు వద్దు వదినా. నేను వేరే కాగితంలో నీకు అర్థమయ్యేటట్ల ఎత్తిరాసి పంపిస్తా. రెండు రోజుల్లో పంపిస్తా."

"ఏం? నా మొగుడు తిరిగిన రోడ్లు నేను చూడగూడదా?"

"అది కాదు..."

"ఏది కాదు?"

సువార్త కాసేపు ఆ పుస్తకాల వంక చూస్తూ నిలబడింది. తర్వాత నాలుగింటినీ స్టూలు మీద పెట్టింది. కునుకులో ఉన్న జయచంద్ర పక్క నుంచి, అతన్ని లేపకుండా, గేటు దాటి వెళ్లిపోయింది.

*

జయచంద్ర కళ్లు తెరిచి ముందు చూసింది తన ఎడమవైపు స్టూలునే. దాని మీద చౌడేశ్వరి కూర్చుని ఉంది. సువార్త కూర్చున్నట్టే, గోడ వైపు తిరిగి.

"సిద్ధమా?" అంది. ఆ మాట ఆమె నోటికి కొత్తగా తగిలింది. "నూరు నేరుగా. కుడి ఐదు. ఎడమ... ఎడమ నాలుగు. ఇదేం గీత? గుంతనా ఇది?"

అతను పలకలేదు. మెడ తిప్పి గుమ్మం వైపు చూశాడు.

"ఆడేం చూస్తావు? పోయింది. నేనుండా గదా, విను. కుడి మూడు. మూడు అను. మూడు."

అతని చూపు గుమ్మం దగ్గర నుంచి రాలేదు. చౌడేశ్వరి గొంతు పెంచింది. తడబడింది, మళ్లీ మొదలుపెట్టింది, పేజీ తిప్పింది.

అప్పుడు చూసింది.

నీలిరంగు అంకెల మధ్య ఎర్రసిరాతో ఒక మాట. దాని చుట్టూ ఎర్రగానే గుండ్రంగా గీత. "చౌడి."

కళ్లు పొరబడ్డాయనుకుంది. తర్వాతి పేజీ తిప్పింది. "ఎడమ ఒకటి. చౌడి." దాని తర్వాతి పేజీలో రెండుసార్లు. ఇంకో పుస్తకం తీసింది. మూడోది తీసింది. ప్రతిదాంట్లోనూ, ఎక్కడ లోతైన మలుపు ఉంటే అక్కడ, ఎక్కడ బండరాయి బొమ్మ వేసి ఉంటే అక్కడ, ఆ ఆడమనిషి చేతిరాతలో తన పేరు.

ఆ పేరుతో ఆమెను పుట్టింట్లో ఆమె నాయన ఒక్కడే పిలిచేవాడు. ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పిలవలేదు.

పొద్దున సువార్త ఆగి ఆగి చదివింది ఇందుకా? ఇది దాటేయడానికా?

రక్తం తలకెక్కింది. చెడ్డ మలుపుకల్లా నా పేరు పెట్టుకున్నారు. చచ్చిపోయే చోటల్లా చౌడి. కారులో ఇద్దరూ కూర్చుని, నా పేరు చెప్పుకుని నవ్వుకున్నారు. పదకొండేళ్లు.

"ఇదేనా?" పుస్తకం భర్త కళ్లముందు పెట్టింది. "దీనికేనా నా పేరు పనికొచ్చింది?"

జయచంద్ర ఎర్ర అక్షరాలను చూశాడు. అతని ఎడమచెయ్యి లేచి ఆమె మణికట్టు కోసం తడుముకుంది. చౌడేశ్వరి విదిలించుకుంది.

గేటు దగ్గర అరుణజ్యోతి మందుల కవరుతో ఎదురొచ్చింది. "యాడికమ్మా? సువార్తత్త ఏదీ?"

"మీ నాయన దగ్గర కూకో" అని మాత్రం చెప్పి, పుస్తకాలు చంకలో పెట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కింది.

*

బస్టాపు రేకుల కింద నలుగురైదుగురు ఉన్నారు. ఒక ముసలాయన రెండు గొర్రెపిల్లల్ని తాడుతో పట్టుకుని నిలబడ్డాడు. సువార్త చివర ఉన్న సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉంది. చౌడేశ్వరి వస్తున్న తీరు చూసి లేచి నిలబడింది.

"చూసినావా?" అంది తనే ముందుగా.

"చూసినా. చదువు. ఈ నలుగురిలో చదువు, అందరూ వింటారు. నా పేరు చెప్పి ఎంత నవ్వుకున్నారో చెప్పు."

"నవ్వలేదు వదినా."

"మరి? పూజ చేసుకున్నారా?"

సువార్త చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మొదటి ఏడే ఒక పోటీలో కారు పల్టీ కొట్టింది. గుర్తుందా? నేను మెల్లగా, మెల్లగా అని అరిచినా. జయన్న యాక్సిలేటరు మీది కాలు ఎత్తల్లేదు. తర్వాత నేను ఏడ్చినా, చెప్తే వినవేమన్నా అని. దానికి ఆయన ఏమన్నాడంటే, మెల్లగా అంటే నాకు వినపడదు సువార్తా. ఆ వేగంలో ఆ మాటకు నా కాలు లెయ్యదు. నిజంగా ప్రాణం పోయే చోట చౌడి అని చెప్పు. అప్పుడు లేస్తాది, అన్నాడు."

చౌడేశ్వరి చంకలోని పుస్తకాలు చేతిలోకి తీసుకుంది.

"నిజంగానే లేసేది" అంది సువార్త. "ఎంత వేగంలో ఉన్నా సరే. నేను ఆ పేరు పలికితే చాలు, కారు సగం వేగానికి వచ్చేసేది. పదకొండేండ్లు నీ పేరే నన్ను బతికించింది వదినా."

ఎండలో రోడ్డు తెల్లగా మెరుస్తోంది. చౌడేశ్వరి కాళ్ల కింద తారు కాలుతోందని అప్పుడు తెలిసింది. వచ్చి దిమ్మె మీద కూలబడింది. లోపల ఏదో కరుగుతోంది, దాన్ని కరగనివ్వాలో వద్దో తెలియడం లేదు.

"మరి నాకు ఒక్కనాడూ చెప్పలేదే."

"ఆయన చెప్పుకునే మనిషి కాదు గదా."

"నువ్వన్నా చెప్పలేదే. ఎన్నిసార్లు కనపడినావు! ఒక్క మాట చెప్పింటే నాకు..." పుస్తకాలు ఒళ్లోకి లాక్కుంది. "పొద్దున కూడా దాటేసినావు. ఎందుకు దాటేసినావు? పంతొమ్మిది రోజులుగా నోరు లేని మనిషి, ఆ పేరు వింటే పలికేవాడేమో గదా!"

ముసలాయన చేతిలోని గొర్రెపిల్ల ఒకటి అరిచింది.

"పలుకుతాడని తెలుసు" అంది సువార్త. "అందుకే నోరు రాలేదు."

చౌడేశ్వరి తల తిప్పి చూసింది.

"పదకొండేండ్లు పక్కనే కూర్చుని నీ పేరు పిలిచినా వదినా. ఎన్ని వేలసార్లో! నేను ఎంత గట్టిగా అరిచినా లెయ్యని కాలు, ఆ రెండక్షరాలకు లేసేది. నువ్వు ఈడ ముదిగుబ్బలో అన్నం వండుకుంటా ఉండేదానివి. కారులో ఉన్నది నేను. కానీ ఆ కారులో కూడా నువ్వే ఉండేదానివి. నాకు ఎట్ల ఉంటాదో ఎప్పుడన్నా అనుకున్నావా?"

ఇన్నాళ్లూ తనది మాత్రమే అనుకున్న మంట ఎదుటి మనిషి కళ్లల్లో కనబడితే ఎలా ఉంటుందో చౌడేశ్వరికి అప్పుడు తెలిసింది. గెలిచినట్టనిపించింది. ఆ అనిపించడం చూసి తనకే భయం వేసింది.

"కడపటి పోటీ..." అంది సువార్త.

"కాఫీ తోటల్లోనా? తుంటి విరిగిందే, అదా?"

"ఆ పొద్దున కారెక్కేముందు చెప్పినాడు. ఇదే ఆఖరు సువార్తా, ఇంక ఇంటికాడ ఉంటా, అని. నవ్వుతా చెప్పినాడు. పిల్ల పెద్దదవుతాండాది, దాని తల్లి ఒక్కతే అయిపోయింది అన్నాడు. నేను మంచిది అన్నా. హెల్మెట్ పెట్టుకున్నా. పుస్తకం తీసినా." ఆమె చేతి వేళ్లు పైట అంచును మడుస్తున్నాయి, విప్పుతున్నాయి. "తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఎడమ ఒకటి. కింద లోయ. ఎర్రసిరాతో రాసే ఉండాది. నా కండ్లముందే ఉండాది. ఎడమ ఒకటి అన్నా. ఆ తర్వాత మాట... అనలేదు."

"అనలేదంటే?"

"ఎన్ని సెకండ్లు? రెండు. ఒక్కసారి, ఒక్క మలుపు ఆ పేరు లేకుండా నా మాటకు కాలెత్తుతాడేమో చూద్దామనిపించింది. ఎత్తల్లేదు."

దూరంగా కదిరి వైపు నుంచి బస్సు హారన్ వినబడింది. నిలబడ్డవాళ్లు మూటలు సర్దుకున్నారు.

జయచంద్ర పేపర్ల వాళ్లకు చెప్పిన మాట చౌడేశ్వరికి ఇప్పటికీ కంఠతా వచ్చు. తప్పు నాదే, మలుపు సరిగా అంచనా వెయ్యలేకపోయినా. ఆ ఒక్క వాక్యంతో అతని పేరు చెరిగిపోయింది. మళ్లీ ఎవరూ కారు ఇవ్వలేదు. కదిరి రోడ్డులో డ్రైవింగ్ స్కూలు పెట్టుకుని, కుంటుకుంటూ, క్లచ్చు ఎక్కడుందో తెలియనివాళ్లకు పన్నెండేళ్లు నేర్పాడు.

"ఆ తుంటికి పన్నెండేండ్లు నూనె రుద్దింది నేను" అంది చౌడేశ్వరి. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "వాన పట్టినప్పుడల్లా నొప్పికి అరిచేవాడు. నేను రుద్దినా."

"తెలుసు."

"నీకేం తెలుసు?"

బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. "ధర్మవరం, ధర్మవరం" అని కండక్టరు అరుస్తున్నాడు. సువార్త సంచీ అందుకోబోయింది. చౌడేశ్వరి ముందుగా దాన్ని లాక్కుంది.

"యాడికి? నడువు ఇంటికి. ఇప్పుడు నాకు చెప్పినావే, ఆ మాట ఆయప్ప ముందర చెప్పు. చెవులు బాగానే ఉండాయి, వింటాడు. ఎవరి తప్పు మోసినాడో తెల్సుకోనీ."

సువార్త కదల్లేదు.

"ఆయనకు తెలుసు వదినా."

కండక్టరు రెండుసార్లు విజిలేశాడు. బస్సు కదిలిపోయింది.

"ఆస్పత్రిలో చెప్పబోయినా. నోరు తెరిచినానో లేదో, పడుకున్న మనిషి చెయ్యి చాపి నా నోటికి అడ్డం పెట్టినాడు. బయట కాచుకున్న పేపరోళ్లు లోపలికి వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. తీసినాక, తప్పు నాదే అని వాళ్లకు చెప్పేసినాడు. అప్పట్నుంచి ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు."

మా ఇద్దరి మధ్య.

కాసేపటి కిందట కరిగిందంతా ఒక్క క్షణంలో గట్టిపడింది. తన పేరుకు కాలెత్తిన మనిషి, ఈమె కోసం తన పేరు పోగొట్టుకున్నాడు. ఇంట్లో, ఒకే మంచం మీద, పన్నెండేళ్లు ఆ సంగతి పక్కలో పెట్టుకుని పడుకున్నాడు. ఏది ఎక్కువ? ఏ త్రాసులో వేసి తూచాలి?

"నడువు" అంది మళ్లీ. ఈసారి గట్టిగా అనలేదు. సంచీ తనే మోసుకుంటూ ముందు నడిచింది.

*

"యాడికి పోయినారు ఇద్దరూ? నాయన ఏమీ తినడంలేదు, గేటు దిక్కే చూస్తాండాడు" అంటూ అరుణజ్యోతి పరుగున వచ్చింది. తల్లి మొహం చూసి ఆగిపోయింది.

చౌడేశ్వరి స్టూలు మీదకు వేలు చూపించింది. "కూకో."

సువార్త కూర్చుంది. చౌడేశ్వరి పుస్తకాలు వెతికి నాలుగోది తీసింది. చివరి పోటీది. నెత్తురు మరకో, మట్టి మరకో, అట్ట మీద గోధుమరంగులో ఎండిపోయి ఉంది. దాన్ని సువార్త ఒళ్లో పెట్టి, భర్త ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చదువు. ఆ మలుపు దాకా చదువు. ఈసారి మాట వదలొద్దు."

"వదినా..."

"చదువు."

"ఏందమ్మా ఇది?" అంది అరుణజ్యోతి.

సువార్త గోడవైపు తిరిగింది. "రెండు నూర్లు నేరుగా. కుడి ఆరు."

"ఆరు" అన్నాడు జయచంద్ర. అతని కళ్లు భార్య మీద ఉన్నాయి.

"ఎడమ నాలుగు."

"నాలుగు."

"కుడి మూడు, పోనుపోను బిగుస్తాది."

"మూడు."

గొంతుల మధ్య ఎడం తగ్గుతోంది. అతని భుజాలు వాలుతున్నాయి, లేస్తున్నాయి. చౌడేశ్వరి అతని నోటినే చూస్తోంది. ఇంకొక్క మలుపు. తన పేరు ఆ నోటి నుంచి, ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి, తన చెవితో తను వినబోతోంది.

"యాభై. ఎడమ ఒకటి..."

సువార్త గొంతు అక్కడ ఆగింది. పుస్తకంలో ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టింది. పెదవులు విడివడ్డాయి.

జయచంద్ర ఎడమచెయ్యి కుర్చీ మీద నుంచి లేచింది. గాల్లో అటూ ఇటూ ఊగి, ఆస్పత్రిలో వెళ్లినట్టే సువార్త నోటికి అడ్డం వెళ్లి ఆగింది.

"వద్దు" అన్నాడు.

అంకె కాదు. ఎవరి మాటకూ బదులు కాదు. పంతొమ్మిది రోజుల తర్వాత అతనికై అతను పలికిన మొదటి మాట.

అరుణజ్యోతి ఆనందం పట్టలేక తండ్రి కాళ్ల దగ్గర కూలబడింది. చౌడేశ్వరి మాత్రం ఆ చేతినే చూస్తూ మెల్లగా లేచి నిలబడింది.